మహమ్మారి కాలమున అవయవదానము: మన సరిహద్దు చరిత్రలో ఒక ప్రకరణము

మన బరంపురమునుండి ఛత్రపురము మీదుగా ఉత్తరముగా పోవువారికి, ఋషికుల్యా నది సముద్రమున కలియుచోటికి సమీపమున గంజాము అను చిన్న ఊరు కానవచ్చును. జిల్లాకు పేరిచ్చిన ఊరది. 1768లో కాట్స్‌ఫర్డు అను ఇంగ్లీషు అధికారి అచ్చట నక్షత్రాకారముగ కట్టించిన కోట శిథిలములు నేటికిని ఉన్నవి. ఒకప్పుడు జిల్లా కచేరి, ఓడల వర్తకము, దొరల బంగళాలు అన్నియు అచ్చటనే యుండెను. 1815లో ఆ ఊరికి ఒక విషజ్వరము వచ్చినది. ఊరు పాడుపడెను. కచేరి అచ్చటినుండి తరలిపోయెను. ఆ పిమ్మటనే బరంపురమును, ఛత్రపురమును ప్రాముఖ్యమునకు వచ్చినవి. మనము నేడు జిల్లాకు ముఖ్యనగరమని చెప్పుకొను బరంపురము కొంతవరకు ఒక జ్వరమునకు ఋణపడియున్నదన్నమాట.

నా యుద్యోగకాలమంతయు దస్త్రములతో గడిపినవాడను. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. అందుచేత చరిత్రకారులు చూడని చిన్న సంగతులు నా కంటబడును. 1815 జ్వరమున చనిపోయినవారిని గూర్చి ఎవరో ఒకరు రెండు ముక్కలు వ్రాసి పెట్టినారు. కచేరి తరలిపోయినందున దావా నిలిచిపోయినవాడు, భరణము అందక తిరిగిన వితంతువు, పట్టా కొరకు ఎదురుచూచి ముసలివాడైన రైతు, వీరిని గూర్చి ఎవరును వ్రాయలేదు. వారికి జ్వరము రాలేదు కదా! రోగము తాకినవారిని లెక్కించుట సులభము. రోగమువలన తమ పని ఆగిపోయినవారిని లెక్కించుటకు ఏ రిజిస్టరులోను గడి ఉండదు.

2020లో వచ్చిన కరోనా మహమ్మారిని గూర్చి ఇప్పటికే ఎందరో వ్రాసినారు. నేను వ్రాయబూనినది ఆ రెండవ రకపు మనుష్యులను గూర్చి. అందులోను, ఒక మూత్రపిండము కొరకో, కాలేయము కొరకో, గుండె కొరకో వైద్యశాలల పట్టికలలో పేరు వ్రాయించుకొని వేచియున్నవారిని గూర్చి. ఇది మనకు దూరపు విషయమని చదువరులు భావింపవలదు. మన ఇండ్లలో చాలమందికి చుట్టరికములు ఉద్దానమున ఉన్నవి.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు చెన్నరాజధానిలోని గంజాము జిల్లా రెండుగా చీలిన సంగతి మన పెద్దలు చెప్పగా విన్నదే. బరంపురము ఇటు వచ్చినది. ఇచ్ఛాపురము, సోంపేట, మందస, టెక్కలి ప్రాంతములు అటు మిగిలి, 1950లో ఏర్పడిన శ్రీకాకుళము జిల్లాలో చేరినవి. గీత కాగితముమీద పడినదేగాని పెండ్లి సంబంధములు ఆగలేదు. ఇచ్ఛాపురము మనకు పాతిక కిలోమీటర్లు. దానిని దాటిన వెంటనే కొబ్బరి, జీడిమామిడి, పనసతోటలతో నిండిన ఉద్దానము. చూచుటకు కోనసీమవలె నుండును. ఆ పచ్చదనము నడుమ కొన్ని దశాబ్దములుగా మూత్రపిండములు నెమ్మదిగా ఎండిపోవు ఒక వ్యాధి పాతుకొనిపోయినది. మధుమేహము, రక్తపుపోటు లేని రైతుకూలీలకును వచ్చును. నీటియందలి దోషమని కొందరు, ఎండలో చెమటోడ్చి పనిచేయుటవలనని కొందరు, వంశపారంపర్యమని కొందరు వైద్యులు ఊహించిరి. నిశ్చయముగ ఇది కారణమని తేల్చి చెప్పినవారు లేరు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో వ్యాధి రానివారున్న వీధి దొరకవచ్చునేమోగాని వీధి మొత్తమునకు వ్యాధి రాని ఊరు దొరకుట కష్టము.

మూత్రపిండములు రెండును పనిచేయుట మానినవానికి మార్గములు రెండే. ఒకటి డయాలిసిస్. వారమునకు రెండు మూడుమారులు, ఒక్కొక్కమారు నాలుగేసి గంటలు, రక్తమును యంత్రముద్వారా త్రిప్పి శుభ్రపరచుట. రెండవది మరియొకరి మూత్రపిండమును అమర్చుట.

ఈ రెండవదానికి చరిత్ర పెద్దది కాదు. 1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టను నగరమున, కవల సోదరులలో ఒకని మూత్రపిండమును రెండవవానికి అమర్చి డాక్టరు జోసెఫ్ మర్రే కృతార్థుడయ్యెను. 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలో డాక్టరు బర్నార్డు గుండెను మార్చినప్పుడు నేను చిన్నవాడను. ఆ వార్త మా నాయనగారు పత్రికలో బిగ్గరగా చదువగా, మా నాయనమ్మ "అయితే వాడి ప్రేమలు కూడా మారిపోతాయేమిరా?" అని అడిగినది. మన దేశమున 1971లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మూత్రపిండపు మార్పిడి జయప్రదముగ జరిగెను. 1994లో పార్లమెంటు అవయవమార్పిడి చట్టమును చేసినది. అదే సంవత్సరము ఆగస్టు 3న ఢిల్లీలోని అఖిలభారత వైద్యశాలలో దేశమునందు తొలి జయప్రదమగు గుండెమార్పిడి చేసిన డాక్టరు పి. వేణుగోపాల్ గారు మన రాజమహేంద్రవరమున జన్మించినవారే. ఆంధ్రప్రదేశ్ 1995లో తన చట్టమును తాను చేసికొనెను. 2013 నుండి జీవన్‌దాన్ అను పేరున, మరణించినవారి అవయవములను వేచియున్నవారికి వరుసక్రమమున పంచు పద్ధతి తెలుగుదేశమున నడచుచున్నది. మన రాష్ట్రమున 2012లో కటకపు వైద్యకళాశాలలో మూత్రపిండపు మార్పిడులు మొదలైనవి. మన బరంపురపు వైద్యకళాశాల 1962లో స్థాపితమై, ఒరిస్సాకు తొలి ప్రధానిగా నుండిన పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి గారి పేరు ధరించినది. ఆ కళాశాల మన జిల్లాకు చేసిన సేవ అంతింత కాదు. అయినను ఈ మార్పిడి అవసరమైనవారు మన ప్రాంతమునుండి కటకము, భువనేశ్వరము, విశాఖపట్నము, వేలూరు, చెన్నపట్నములకు పోవుటయే 2020 నాటి వాడుక. ఈ ప్రయాణపు సంగతి చదువరులు గుర్తుంచుకొందురుగాక.

బ్రతికియున్న బంధువు ఇచ్చుట వేరు, మరణించినవాని అవయవము తీసికొనుట వేరు. మన దేశమున మొదటిదే హెచ్చు. మూత్రపిండములు రెండుండును గనుక తల్లియో, భార్యయో, తోబుట్టువో ఒకటి ఇచ్చి తాను సుఖముగ బ్రతుకవచ్చును. దీనికి కావలసినవి రక్తపు పరీక్షలు, రెండు దేహముల పొత్తు కుదురునో కుదరదో చూచు పరీక్షలు, వివాహ ధ్రువపత్రము, రేషను కార్డు, ఛాయాచిత్రములు, ప్రమాణపత్రములు. మనుష్యుల మూత్రపిండములను అమ్ముకొను దళారులను అరికట్టుటకే చట్టము ఇన్ని కాగితములను కోరినది. గుమాస్తాగా నేను దానిని మెచ్చుకొందును.

రెండవదాని కథ మరింత సున్నితమైనది. మరణించిన ప్రతివాని అవయవములును పనికిరావు. తలకు గాయము తగిలియో, మెదడులో రక్తము చిట్లియో, మెదడు పూర్తిగా చనిపోయి, వెంటిలేటరు అను శ్వాసయంత్రము సాయమున గుండె మాత్రము కొట్టుకొనుచున్నవాడు కావలెను. తెలుగున ఇట్టివానిని జీవన్మృతుడనుచున్నారు. నలుగురు వైద్యులు పరీక్షించి, ఆరు గంటలు ఆగి మరల పరీక్షించి సంతకములు చేయవలెను. ఆ పిమ్మట ఒక మనిషి బయటకు వచ్చి, ఏడ్చుచున్న తల్లిదండ్రులతో కూర్చుండి, చేయి పట్టుకొని, గుండె కొట్టుకొనుచున్న బిడ్డ చనిపోయినాడని చెప్పి, అతని అవయవములను ఇచ్చెదరా అని అడుగవలెను. వారు ఒప్పుకొన్నచో గడియారముతో పందెము మొదలగును. గుండె నాలుగైదు గంటలకన్న ఎక్కువ ఆగదు. కాలేయము అంతకు రెట్టింపు సుమారు ఆగును. మూత్రపిండము ఒక దినమువరకు ఓర్చుకొనును. అందుకే పోలీసులు రోడ్లు ఖాళీచేయించి అంబులెన్సును విమానాశ్రయమునకు పరుగెత్తించుట మనము పత్రికలలో చూచినదే.

మహమ్మారి ఈ గొలుసులోని లంకెలను ఒక్కొక్కటిగా తెంపివేసెను.

2020 మార్చి 22 రాత్రినుండి ప్రయాణికుల రైళ్లు ఆగినవి. 25నుండి దేశమంతయు తలుపులు మూసికొన్నది. విమానములు రెండు నెలలు ఎగురలేదు. దేశపు అవయవమార్పిడి వ్యవహారములు చూచు జాతీయసంస్థ, తొందరలేని బంధుదానపు శస్త్రచికిత్సలను తాత్కాలికముగ ఆపవలసినదని వైద్యశాలలకు సలహా ఇచ్చెను. అందు అన్యాయమేమియు లేదు. మార్పిడి జరిగినవాని దేహము క్రొత్త అవయవమును పరాయిదని త్రోసివేయకుండుటకు, అతని రోగనిరోధశక్తిని మందులతో అణచియుంచవలెను. అట్టివానిని కరోనా రోగులు నిండిన వైద్యశాలలో పరుండబెట్టుట, ఎండుగడ్డి పక్కన దీపము పెట్టుటవంటిది. వైద్యులు ఆలోచించియే ఆపినారు. సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రి, విశాఖలోని విమ్స్ మొదలగునవి పూర్తిగా కరోనా వైద్యమునకే కేటాయింపబడెను. జీవన్మృతుని గుండెను నిలుపు శ్వాసయంత్రమును, కరోనా రోగికి ఊపిరిపోయు శ్వాసయంత్రమును ఒక్కటియే. మత్తువైద్యుడును ఒక్కడే.

రోడ్లమీద వాహనములు లేవు గనుక ప్రమాదములును తగ్గినవి. 2019లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు సుమారు 1,51,000 మంది. 2020లో ఆ సంఖ్య 1,32,000 కు దిగినది. ఇది సంతోషింపదగిన విషయమే. దాని వెనుక మరియొక సంగతి ఉన్నదని ఎంతమంది తలచిరి? దాతలలో హెచ్చుమంది ఈ ప్రమాదములలో తలకు గాయము తగిలినవారే. ఒకని దుర్మరణము తప్పుట వేరొకని నిరీక్షణను పొడిగించెను. దీనిని తప్పని చెప్పలేము, ఒప్పని చెప్పుటకును నోరు రాదు.

అన్నిటికన్న నన్ను కలచినది మరియొకటి. తల్లిదండ్రులతో కూర్చుండి చేయి పట్టుకొని అడుగవలెనంటిని. మహమ్మారి కాలమున బంధువులను అత్యవసర విభాగములోనికి రానీయలేదు. అడుగువాని ముఖమున మాస్కు, నడుమ ఆరడుగుల దూరము. కొన్నిచోట్ల టెలిఫోనులోనే మాట్లాడవలసివచ్చెను. కొడుకు గుండె కొట్టుకొనుటను కంట చూడని తల్లి, అతడు చనిపోయినాడనియు, అతని మూత్రపిండములు ఇమ్మనియు ఒక అపరిచితుడు ఫోనులో చెప్పగా ఎట్లు నమ్మును? అవయవదానమునకు శస్త్రవైద్యుని కత్తికన్న ముందు కావలసినది నమ్మకము. ఆ నమ్మకము ముఖాముఖిగానే పుట్టును.

దీనికితోడు దాత ముక్కునుండి తీసిన నమూనాలో కరోనా లేదని తేలువరకు ఆగవలెను. తేలినను నిశ్చింత లేదు. అమెరికాలో ఒక దాతకు ముక్కు పరీక్షలో రోగము లేదని వచ్చినను, ఆ ఊపిరితిత్తులను అమర్చుకొనిన రోగికి వాటిద్వారా కరోనా సోకి మరణించిన సంగతి 2021లో వైద్యపత్రికలలో ప్రకటితమైనది. శస్త్రవైద్యులలో ఒకరికిని సోకినదట.

అంకెలు చూచెదము. 2019లో మన దేశమున అన్ని అవయవములు కలిపి 12,666 మార్పిడులు జరిగెను. 2020లో 7,443. మరణానంతర దాతలు 715 మంది నుండి 351కి, అనగా సగమునకు పడిపోయిరి. ఇది మన బీదదేశపు దుర్గతి యని చిన్నబుచ్చుకొననక్కరలేదు. 2020 వసంతమున ఫ్రాన్సులో మరణానంతర మార్పిడులు కొన్ని వారములలోనే పదింట తొమ్మిది వంతులు తగ్గినవి. అమెరికాలో సగము తగ్గినవి. 22 దేశముల లెక్కలు కలిపి చూచినవారు ఆ యేడు మొత్తము మీద ఆరింట ఒక వంతు తగ్గుదలయని తేల్చిరి. మన దేశపు తగ్గుదల అంతకు రెట్టింపుకు పైబడినది. ఒక దీర్ఘప్రయాణము మీద ఆధారపడిన వైద్యము, ప్రయాణము ఆగినచోట ఎక్కువ దెబ్బతినుట సహజము.

1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజాలో మన దేశమున కోటికి పైగా మరణించిరి. మా తాతగారి అన్నగారు అందు పోయినట్లు ఇంటిలో చెప్పుకొనెడివారు. ఆనాడు అవయవము కొరకు వేచియుండు పట్టిక లేదు, డయాలిసిస్ యంత్రము లేదు. మూత్రపిండములు చెడినవాడు మహమ్మారి ఉన్నను లేకున్నను పోయెడివాడే. వైద్యము పెరిగినకొలది దాని ఆధారముతో బ్రతుకువారు పెరిగిరి. అది ఒక్క నెల ఆగినచో ఆ ఆధారము జారిపోవువారును పెరిగిరి. ఈ విధమగు బాధ నూతనమైనది. దీనికి మన భాషలో ఇంకను పేరు పుట్టలేదు.

ఇక ఇంటి సంగతి. మా చెల్లెలిని కవిటి దగ్గర ఒక గ్రామమున ఇచ్చితిమి. ఆమె భర్తకు, అనగా మా బావమరిదికి, కొబ్బరితోట కలదు. 2018లో అతనికి డయాలిసిస్ ప్రారంభమైనది. అది మొదలైన తరువాత అతనికి రోజులు తేదీలుగా లెక్కలేదు. వారమునకు సోమ, గురువారములు రెండే. మా చెల్లెలి రక్తము అతనికి సరిపడినది. ఆమె ఒక్కమాటైనను ఆలోచింపక తన మూత్రపిండమును ఇచ్చుటకు సిద్ధపడినది. విశాఖపట్నపు ఒక వైద్యశాలలో 2020 జనవరి, ఫిబ్రవరి మాసములలో పరీక్షలన్నియు పూర్తియైనవి. కాగితములన్నియు నేనే వరుసగా అమర్చి, నీలిరంగు ఫైలులో పెట్టి, పైన సూచిక వ్రాసి ఇచ్చితిని. ఏప్రిల్ రెండవ వారమున శస్త్రచికిత్స యని నిర్ణయించిరి. మేము బరంపురమునుండి బయలుదేరుటకు రైలు టిక్కెట్లు కూడ తీసికొంటిమి.

మార్చి నెలాఖరున వైద్యశాలవారు ఫోనుచేసి, పరిస్థితులు చక్కబడిన పిమ్మట మరల తెలియజేసెదమని చెప్పిరి. మర్యాదగానే చెప్పిరి.

సరిహద్దున ఇటు గిరిసోల, అటు పురుషోత్తపురము. అచ్చట వెదురుబొంగులు అడ్డుగట్టి పోలీసులు నిలిచిరి. 1936లో కాగితముమీద గీచిన గీత ఎనుబదినాలుగు సంవత్సరములకు మొదటిమారు గోడయైనది. పాతిక కిలోమీటర్ల అవతల నా చెల్లెలుండగా నేను పోలేకపోతిని.

ఆ వేసవి మన జిల్లా ఎట్లుండెనో చదువరులకు నేను చెప్పనక్కరలేదు. గ్రామములలో సర్పంచులకు కలెక్టరు అధికారములిచ్చిరి. సూరత్ మగ్గములలో పనిచేయు మనవారిని తెచ్చిన మొదటి శ్రామిక రైలు మే 3న జగన్నాథపురము స్టేషనులో ఆగెను. వారు ఆకలితో, భయముతో వచ్చిరి. రోగమును వారు తెచ్చిరని నిందించుట నాకు నచ్చదు. సంవత్సరములతరబడి వారు పంపిన మనియార్డర్లతో ఊరంతయు తిన్నది కదా! జూలై నాటికి రాష్ట్రమునందు హెచ్చు కేసులు మన గంజాములోనే. ఆగస్టులో రక్తపరీక్షలు చేసి చూడగా బరంపురపు జనులలో వందకు 31 మందికి అప్పటికే రోగము సోకి పోయినట్లు తేలినది. ఊరిలో ప్రతి మూడవ ఇంటిలో దగ్గు వినబడుచుండిన దినములవి.

అవతల మా బావమరిది డయాలిసిస్‌కు పోవుచునే యుండెను. అది ఆపుటకు వీలులేదు. ఆటోలు లేని దినములలో మోటారుసైకిలు వెనుక, మధ్యలో మా చెల్లెలి చిన్నకొడుకు, వెనుక పట్టుకొనుటకు ఆమె, ముగ్గురును పోవుచుండిరి. డయాలిసిస్ మంచములు ఒకదాని పక్కన ఒకటి ఉండును. రోగము సోకినచో వీరికి ముప్పు హెచ్చని అందరికిని తెలియును. నేను రాత్రివేళ ఫోనుచేసి జాగ్రత్తలు చెప్పుచుండగా అతడు ఒకనాడు నవ్వి, "బావా, అందరూ కరోనాకి భయపడుతున్నారు. నేను సోమవారానికి భయపడుతున్నాను" అనెను.

జూన్ మాసమున బంధుదానపు శస్త్రచికిత్సలు అచ్చటచ్చట మరల మొదలైనవని విని వైద్యశాలవారిని అడిగించితిమి. సెప్టెంబరులో చూచెదమనిరి. రెండు దేహముల పొత్తును చూచు పరీక్ష పాతబడినది గనుక మరల చేయించవలెననిరి. అదియు న్యాయమే. కాలము గడచినకొలది రక్తములోని గుణములు మారును.

జూలై నెలాఖరున అతనికి జ్వరము తగిలినది. కరోనా పరీక్ష ఫలితము వచ్చువరకు డయాలిసిస్ కేంద్రములోనికి రానీయరాదని నియమము. ఆ నియమము లేకున్నచో ఆ గదిలోని పదిమందికి ముప్పు. ఫలితము ఐదవ దినమున వచ్చెను. రోగము లేదు. అప్పటికి రెండు వంతులు తప్పినవి. ఊపిరితిత్తులలో నీరు చేరినది. ఆగస్టు మొదటి వారమున అతడు మరణించెను. కర్మకాండ నేను ఫోనులో చూచితిని. సంకేతము తెగిపోవుచు వచ్చుచు, పిండప్రదానము సగమే కనబడినది.

నేను ఎవరిమీదను ఫిర్యాదు వ్రాయుటలేదు. ఆపినవారు నియమము ప్రకారము ఆపిరి. నియమము చేసినవారు మంచికే చేసిరి. నలుబది సంవత్సరముల గుమాస్తా యుద్యోగమున ఇట్టి దస్త్రములను నేను చాల చూచితిని. ఏ బల్లమీదను తప్పు జరుగదు. అయినను దస్త్రము సమయమునకు చేరదు.

చరిత్ర ఇచ్చటితో ఆగలేదు. వ్రాయకున్న అది అన్యాయమగును. మహమ్మారి నడిమధ్య 2020 సెప్టెంబరులో, కరోనా సోకిన చండీగఢ్ యువకునికి హైదరాబాదులోని కిమ్స్ వైద్యశాలలో రెండు ఊపిరితిత్తులను మార్చిరి. ఆ ఊపిరితిత్తులు కలకత్తాలోని ఒక జీవన్మృతునివి, విమానమున వచ్చినవి. తలుపులన్నియు మూసియున్న కాలమున కలకత్తాలోని ఒక కుటుంబము అవునని చెప్పినందుననే అది సాధ్యమైనది. 2021 మార్చి 1నుండి అరువదేండ్లు దాటినవారితోబాటు నలుబదియైదేండ్లు దాటిన రోగులకును టీకాలు వేసినప్పుడు, అవయవము మార్పించుకొనినవారిని, దాని కొరకు పట్టికలో వేచియున్నవారిని, డయాలిసిస్ పొందువారిని ప్రభుత్వము ఆ రోగుల జాబితాలో చేర్చినది. వేచియున్నవాడు కూడ ఒక లెక్కలోని మనిషియే యని ఒప్పుకొనుట నాకు అందులో కనబడెను. తెలంగాణములో జీవన్‌దాన్ క్రింద మరణానంతర దాతలు 2021లో 162 మంది, 2022లో 194 మంది యైరి. దేశమంతటను 2021లోనే మార్పిడులు మరల 12,000 దాటినవి. 2023లో 18,000 కు పైబడినవి. మరణానంతర దాతలు దేశమున మొదటిమారు వేయిమందిని దాటిరి.

ఉద్దానమునకును మార్పు వచ్చినది. పలాసలో 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగిన 200 పడకల మూత్రపిండవ్యాధుల వైద్యశాల, పరిశోధనాకేంద్రము 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములద్వారా ఆ గ్రామములకు తెచ్చు పథకమును అదే దినమున ప్రారంభించిరి. శంకుస్థాపనకు, ప్రారంభమునకు నడుమనే మహమ్మారి వచ్చిపోయినది. మా బావమరిది శంకుస్థాపననాడు అచ్చటి గుంపులో నిలుచుండి ఫోటో తీయించుకొనియుండెను.

మన గంజాము పేరు ఈ చరిత్రలో ఒకచోట గౌరవముగ నిలిచియున్నది. 2019లో భంజనగరమునకు చెందిన ఒక యువకుడు ప్రమాదమున మరణింపగా అతని కుటుంబము అతని అవయవములను దానము చేసినది. ఆ యువకుని పేరున ఒడిశా ప్రభుత్వము 2020లో సూరజ్ పురస్కారము నెలకొల్పి, దాతల కుటుంబములకు 5 లక్షల రూపాయలు ఇచ్చు ఏర్పాటు చేసెను. దాతలు అందరికన్న తగ్గిన సంవత్సరముననే దాతకు పురస్కారము పుట్టినది. 2024 ఫిబ్రవరిలో దాతలకు ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిపింతుమని ప్రకటించిరి. మన సంఘమువారు ఏటేట జరుపు సభలలో పద్యపఠనము, సన్మానములతోబాటు, ఈ దానమును గూర్చి తెలిసిన వైద్యుని ఒకరిని పిలిచి, తెలుగులో ఒక గంట మాట్లాడించినచో బాగుండునని నా మనవి. కన్నీళ్ల నడుమ మొదటిసారి వినిన మాటకు ఎవరైనను కాదందురు. భోజనపు పంక్తిలో ముందే వినియున్న మాటకు అవుననవచ్చును.

ఇక ఒక్క సంగతి వ్రాసి ముగింతును. 2021 సెప్టెంబరులో, కరోనాతో మరణించినవారి కుటుంబములకు 50,000 రూపాయలు సహాయమిచ్చుటకు నిర్ణయము జరిగినది. ఆ సంవత్సరము చివర, సరిహద్దు తెరచిన తరువాత, మా చెల్లెలి పింఛను కాగితములకై ఆమెతో ఒక కచేరికి పోయితిని. ఆమె ఆ నీలి ఫైలును కూడ సంచిలో పెట్టుకొని వచ్చినది. అది అక్కరలేదని చెప్పినను వినలేదు. కిటికీ లోపలనున్న గుమాస్తా చిన్నవాడు, మంచివాడు. మరణపత్రమును చదివి తలయెత్తి, "కరోనానా అండి? కరోనా అయితే వేరే ఫారం ఉంది, యాభై వేలు వస్తాయి" అనెను.

మా చెల్లెలు నా వంక చూచినది. "కాదు బాబూ, కరోనా కాదు" అని చెప్పి, మామూలు ఫారము తీసికొని నింపి ఇచ్చితిని.